డిప్రెషన్, బైపోలార్: వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరు దారుల పోలిక

మా తమ్ముడు మంచం దిగక మూడు నెలలైన రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక అడ్రస్ చెప్పి వెళ్లారు. పెదనాన్న హైదరాబాద్‌లో పేరున్న డాక్టరు నంబరు రాసిచ్చారు. పక్కింటి పిన్నిగారు బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి తీసుకెళ్లమన్నారు. వాడి స్నేహితుడు "మందులు మొదలుపెడితే ఇక ఆపలేరక్కా, ముందు కౌన్సెలింగ్‌కి పంపండి" అన్నాడు. అమ్మ మాత్రం ఎవరికీ తెలియకుండా జరగాలంది, అంతే. ఈ మాటల్లోనే ఇంకో రెండు నెలలు పోయాయి. వాడు అన్నం సగంలో వదిలేసి గోడకేసి తిరిగి పడుకున్న రెండు నెలలు అవి.

ఇది పదకొండేళ్ల నాటి సంగతి. కింద చెప్పబోయే దారుల్లో దాదాపు అన్నీ మేం తొక్కాం. నేను డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక ఆగిపోయిన ఇళ్ల కోసం రాస్తున్నాను. అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో 100కి 85 మందికి, బైపోలార్ (దిగులు దశలు, పొంగు దశలు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో 70 మందికి వైద్యం అందడం లేదు.

దారి వెతికే ముందు ఒక ప్రశ్న

ఇప్పుడు కుంగిపోయి ఉన్న మనిషి గతంలో ఎప్పుడైనా దీనికి పూర్తిగా తలకిందులుగా ఉన్నాడా? ఇంట్లో అందరూ కూర్చుని గుర్తుచేసుకోండి. రెండు మూడు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా తిరగడం, ఎదుటివాళ్లకి సందివ్వకుండా మాట్లాడటం, ఒకేసారి పది పనులు తలకెత్తుకోవడం, అప్పు చేసి మరీ ఖర్చుపెట్టడం, అడ్డు చెబితే మీదికి రావడం. ఇవి వారం పాటు వరసగా ఉంటే డాక్టర్లు మానియా అంటారు. తీవ్రత తక్కువగా, కనీసం నాలుగు రోజులుంటే హైపోమానియా. దిగులు దశలే ఉంటే డిప్రెషన్. జీవితంలో ఒక్కసారి మానియా వచ్చినా దాన్ని బైపోలార్‌గానే చూస్తారు.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే కొందరిలో మనసు పొంగు వైపు, అంటే మానియా వైపు, తిరగబడుతుంది. మా ఇంట్లో అదే జరిగింది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో వాడు పది రోజులు నిద్ర లేకుండా తిరిగి, హాస్టల్ ఫీజు డబ్బుతో స్నేహితులకి చొక్కాలు కొనిపెట్టి, మూడు మొబైల్ షాపులు తెరుస్తానని లెక్కలు వేశాడు. మేం అది కుర్రతనం అనుకున్నాం. మొదట చూసిన డాక్టరు ఆ సంగతి అడగలేదు, మాకు చెప్పాలని తోచలేదు. మాత్రలు మొదలైన ఐదో వారానికి వాడు లేచి కూర్చున్నాడని అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆరో వారానికి అర్ధరాత్రి బండి తీసుకుని వెళ్లిపోయాడు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడిగినా అడగకపోయినా ఈ మాట మీరే చెప్పండి. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉంటే అదీ చెప్పండి.

మామూలు బాధకి, డిప్రెషన్‌కి తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. దాదాపు రోజూ, రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు పైగా దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండి, నిద్ర, ఆకలి, పని దెబ్బతింటే అది చూపించుకోవాల్సిన స్థితి. మన దగ్గర చాలామంది దిగులుగా ఉందని చెప్పరు. తలబరువు, ఒళ్లునొప్పులు, గ్యాస్, అరికాళ్ల మంటలు, నీరసం అంటారు. ఎండోస్కోపీలు, స్కానింగులు అయి, రిపోర్టులన్నీ బాగున్నా మనిషి బాగులేకపోతే దిగులు గురించి ఆలోచించాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బి12 లోపించినా మనిషి ఇలాగే వాడిపోతాడు. అందుకే ఆ పరీక్షలు ముందే చేయించుకుని వెళితే ఒక ట్రిప్పు కలిసొస్తుంది.

పోలికలు పక్కనపెట్టాల్సిన రోజు

చావు గురించి మాట్లాడుతున్నా, వస్తువులు పంచిపెడుతూ వీడ్కోలు చెబుతున్నట్టు ప్రవర్తిస్తున్నా, తిండీ నీళ్లూ మానేసినా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఆవేశంగా ఉన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. 108 అందుబాటులో ఉంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఆ రోజే వేరే ఊళ్లోని చుట్టాలింటికి చేర్చండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకరి చేతిలో ఉండాలి.

అఘాయిత్యం చేసుకోబోయి బతికిన మనిషిని పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది. శిక్షించడం కాదు, వైద్యం, పునరావాసం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని చెబుతుంది. దాచకండి.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

అందరూ మొదట అడిగేది డాక్టరు ఎంత పేరున్నవారని. మేమూ అదే అడిగాం. ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే నేను ముందు అడిగేది వేరే: రెండేళ్లపాటు నెలనెలా అక్కడికి వెళ్లిరాగలరా?

ఈ జబ్బుల్లో మొదటిరోజు రాసిన చీటీతో పని అయిపోదు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి ఆరు వారాలు కూడా పట్టొచ్చు. వికారం, తలనొప్పి, కంగారు లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అంటే మేలు కనిపించక ముందే కీడు కనిపిస్తుంది. చాలామంది మందు మానేసేది, డాక్టర్ని మార్చేది సరిగ్గా అప్పుడే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలంటారు, మళ్లీ మళ్లీ వచ్చే రకమైతే ఇంకా ఎక్కువ. బైపోలార్‌లో అది ఏళ్ల ప్రయాణం. మందు మోతాదు మార్చాలన్నా, తగ్గించాలన్నా మీ మనిషిని ముందునుంచీ చూస్తున్న కళ్లు కావాలి.

దాని తర్వాత చూడాల్సింది మొత్తం ఖర్చు. ఫీజు అందులో చిన్న ముక్క. ఇద్దరి బస్సు ఛార్జీలు, తోడు వెళ్లినవాళ్ల ఒకరోజు కూలి, మందులు, రక్తపరీక్షలు కలిపి నెలకెంతో కాగితం మీద వేయండి. ఆ పైన: పేషెంటు తన భాషలో మాట్లాడగలడా, అవసరమైతే చేర్చుకునే సదుపాయం ఉందా, డాక్టరుతో పేషెంటుకి ఒంటరిగా మాట్లాడే వీలు దొరుకుతుందా. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అమ్మానాన్నల ఎదుట మా తమ్ముడు ఒక్క నిజమూ చెప్పలేదు.

| దారి | ఎవరికి బాగా సరిపోతుంది | లోటు | నెలనెలా వెళ్లడం |
|---|---|---|---|
| జిల్లా ఆస్పత్రి, బోధనాసుపత్రి సైకియాట్రీ ఓపీ | ఖర్చు భరించలేనివాళ్లు, దీర్ఘకాలం మందులు వాడాల్సినవాళ్లు | రద్దీ, తక్కువ సమయం, డాక్టర్లు మారడం | దగ్గరైతే సులువు |
| ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలు | తీవ్రమైన మానియా, చేర్చాల్సిన స్థితి | దూరం, జనంలో ఉన్న భయం | ఆ నగరాల వాళ్లకే తేలిక |
| ఊళ్లోని ప్రైవేటు సైకియాట్రిస్టు (మందులు రాసే మానసిక వైద్యులు) | ఒకే డాక్టరు కావాలనుకునేవాళ్లు | మందుల ఖర్చు | సులువు |
| సైకాలజిస్టు (మాటలతో వైద్యం చేసేవారు) | స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్ | మందు రాయలేరు, వారం వారం ఖర్చు | పట్టణాల్లోనే |
| నిమ్హాన్స్ | జబ్బు ఏమిటో తేలనివాళ్లు, మందులకు లొంగనివాళ్లు | ప్రయాణం | కష్టం |
| ఫోన్, వీడియో | మొదటి అడుగు, మధ్యమధ్య ఫాలోఅప్ | అత్యవసరాలకు చాలదు | చాలా సులువు |

జిల్లా ఆస్పత్రి, బోధనాసుపత్రి

ఇక్కడ సైకియాట్రీ విభాగం ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లో విడిగా ఓపీ నడుస్తుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లాల్లోనూ సైకియాట్రిస్టులు చూస్తారు. 1996లో ఈ కార్యక్రమాన్ని దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో పెట్టినప్పుడు అందులో మన మెదక్ ఒకటి.

గొప్ప సౌకర్యం ఏమిటంటే ఓపీ చీటీ తీసుకుని లైన్లో నిలబడితే చాలు, మందులు ఉచితం. బైపోలార్‌కి వాడే లిథియం, డిప్రెషన్‌కి వాడే ఫ్లూయాక్సిటిన్ లాంటి ముఖ్యమైన మందులు చవకైన పాత మందులే. ఖరీదైనది మాత్రమే పనిచేస్తుందన్న భ్రమ అక్కర్లేదు. ఇంకో లాభం ఎవరూ చెప్పనిది. అది మామూలు ఆస్పత్రి, కాబట్టి అక్కడ ఎవరు కనిపించినా "షుగర్ చూపించుకోవడానికి వచ్చారు" అనుకుంటారు. మా అమ్మ కోరుకున్న గుట్టు చివరికి అక్కడే దొరికింది.

లోటు కూడా నిజమే. పొద్దున తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం అవుతుంది, డాక్టరు దగ్గర అయిదు నిమిషాలే దొరకొచ్చు, పోయినసారి చూసినవారు ఈసారి ఉండకపోవచ్చు. దీనికి మేం కనిపెట్టిన ఉపాయం నూరు పేజీల నోటుబుక్కు. ఎన్ని గంటలు నిద్ర, మనసు ఎలా ఉంది, ఏ మాత్ర ఎంత అని రోజుకొక్క వరుస. కొత్త డాక్టరైనా ఆ పేజీలు తిరగేసి నిమిషంలో పరిస్థితి గ్రహించేవారు. మందుల స్టాకు ఒక్కోసారి ఉండదు, కాబట్టి మందు అయిపోయే రోజు కాకుండా నాలుగు రోజుల ముందే వెళ్లండి.

ఎర్రగడ్డ, విశాఖ

ఎర్రగడ్డ అనే మాటని మన సినిమాలూ, మన నోళ్లూ కలిసి తిట్టుగా మార్చేశాయి. ఆ ఒక్క పేరు వల్ల ఎంతమంది వైద్యానికి దూరంగా ఉండిపోయారో తలుచుకుంటే కోపం వస్తుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోది, విశాఖ చినవాల్తేరులోది ఈ పని కోసమే ఉన్న ప్రభుత్వ వైద్యశాలలు. రోజూ ఓపీ చూపించుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు వందల్లో ఉంటారు. వెళ్లినవాళ్లందర్నీ లోపల పెట్టేస్తారన్నది అపోహ.

చేర్చాల్సి వస్తే? 2017 చట్టం ప్రకారం మామూలుగా పేషెంటు తన ఇష్టంతోనే చేరాలి. తానుగా చేరిన మేజర్లు వెళ్తానంటే పంపాలి. ప్రమాదం ఉందనిపిస్తే పరిశీలన కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. మనిషి నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించాక, నామినేటెడ్ ప్రతినిధి (పేషెంటు తరఫున మాట్లాడే హక్కున్న మనిషి) దరఖాస్తు మీద, మొదట 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. గొలుసులతో కట్టడం నిషేధం. కరెంటు వైద్యమని అందరూ భయపడే ఈసీటీని మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చేయడం కూడా నిషేధం. మత్తులో చేసే ఈసీటీ తిండి మానేసి చావు వైపు నడుస్తున్న డిప్రెషన్‌లో త్వరగా పనిచేసే వైద్యాల్లో ఒకటి. కొంతకాలం కొన్ని జ్ఞాపకాలు మసకబారడం దాని ప్రధాన ఇబ్బంది.

ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ చేరవచ్చు. చట్టం 21వ సెక్షన్ శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలంటుంది. పాలసీ ఉంటే చేరే ముందే అడగండి. ఓపీ ఖర్చులు మాత్రం ఎక్కువ పాలసీల్లో రావు.

ఊళ్లోని ప్రైవేటు సైకియాట్రిస్టు

జిల్లా కేంద్రాల్లో, పెద్ద పట్టణాల్లో ఇప్పుడు సైకియాట్రిస్టులున్నారు. బోర్డు మీద డిగ్రీ చూడండి: ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ సైకియాట్రీ, లేదా డీపీఎం. మన జనం అందర్నీ కలిపి "నరాల డాక్టర్" అంటారు. న్యూరాలజిస్టు చూసేది పక్షవాతం, ఫిట్స్ లాంటివి. దిగులుకి ఆయన దగ్గరికి వెళితే స్కానింగు అయ్యాక మళ్లీ సైకియాట్రిస్టు దగ్గరికే పంపుతారు.

దీని బలం ఒక్కటే, ఆ ఒక్కటే చాలా పెద్దది: ప్రతిసారీ అదే మనిషి చూస్తారు. మా తమ్ముడి విషయంలో మలుపు తెచ్చింది పేరున్నవారు కాదు. బస్సులో నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక డాక్టరమ్మ. మూడోసారి వెళ్లినప్పుడు ఆవిడ వాణ్ణి చూడగానే "ఈసారి మాట స్పీడు పెరిగింది, నిద్ర ఎంత?" అన్నారు. మేం ఇంట్లో ఉండి కూడా పట్టుకోలేదు.

జాగ్రత్తపడాల్సింది మందుల దగ్గర. కొన్ని క్లినిక్కుల్లో రాసే బ్రాండ్లు ఆ కిందనున్న మెడికల్ షాపులో తప్ప ఇంకెక్కడా దొరకవు. మొహమాటపడకుండా "మందు అసలు పేరు రాసివ్వండమ్మా" అని అడగండి. జన్ ఔషధి షాపుల్లో అదే మందు చాలా తక్కువకి దొరకొచ్చు. ఒకేసారి అయిదారు రకాలు రాస్తే ఏది దేనికో అడగండి. విసుక్కోకుండా చెప్పే డాక్టరైతే ఆ గుమ్మం వదలకండి. నిద్రకని ఇచ్చే ఆల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్ లాంటివి కొద్దివారాలకే పరిమితం కావాలి. అవి అలవాటుగా మారతాయి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవో, మెడికల్ షాపులో చేతికిచ్చినవో ఏళ్లతరబడి వేసుకుంటున్నవాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి.

సైకాలజిస్టు, కౌన్సెలర్

స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్‌లో పద్ధతిగా చేసే మాటల వైద్యం, ముఖ్యంగా ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ, మందులకు దీటుగా పనిచేస్తుంది. తీవ్రమైనదానికి రెండూ కలిపితే మేలు. బైపోలార్‌లో మాత్రం మందు పునాది, మాటల వైద్యం దానికి తోడు. మానియాలో ఉన్న మనిషిని కౌన్సెలింగ్‌తో దించాలనుకుంటే విలువైన రోజులు పోతాయి.

కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది అడగడం మర్యాదకి లోటేమీ కాదు. నేర్చుకున్న మనిషి మీకు సలహాల వర్షం కురిపించరు. వారం వారం చేయాల్సిన చిన్న పని ఇస్తారు, మళ్లీ వెళ్లినప్పుడు అడుగుతారు. మూడు నాలుగు సార్లు వెళ్లినా "పాజిటివ్‌గా ఆలోచించండి" దాటి ముందుకు కదలకపోతే వేరేవాళ్లని చూడొచ్చు. అలాగే, డాక్టరు రాసిన మందుల్ని మానేయమనేవాళ్ల దగ్గర ఆగకండి.

నిమ్హాన్స్

రాయలసీమ జిల్లాల వాళ్లకి ఇది దాదాపు సొంత ఆస్పత్రి. అనంతపురం, చిత్తూరు నుంచి హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. కోస్తా నుంచి, ఉత్తర తెలంగాణ నుంచి వెళ్లేవాళ్లకి నా సలహా ఏమిటంటే దాన్ని ఒకటి రెండుసార్లు వాడుకోండి, అక్కడే అన్నీ పెట్టుకోకండి. ఇద్దరు డాక్టర్లు రెండు జబ్బుల పేర్లు చెప్పినప్పుడు, రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరైన కాలం వాడినా లాభం లేనప్పుడు ఆ ప్రయాణానికి విలువ ఉంటుంది. అక్కడ తీరిగ్గా చరిత్రంతా అడుగుతారు. పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, రోజంతా పడుతుందని తెలిసి పొద్దున్నే వెళ్లండి. వాళ్లు రాసిచ్చిన వైద్యం మీ ఊరి డాక్టరు దగ్గర కొనసాగించవచ్చు. మేం అలాగే చేశాం.

ఫోన్, వీడియో

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పేషెంటే చేయక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చేసి "మావాడు ఇలా ఉన్నాడు, ఏం చేయాలి" అని అడగొచ్చు. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. మొదటి అడుగు వేయలేనివాళ్లకి ఇంతకంటే తేలికైన మెట్టు లేదు.

వీడియోలో చూసే ప్రైవేటు డాక్టర్లు ఫాలోఅప్‌కి బాగా పనికొస్తారు. మొదటిసారి మాత్రం, వీలైనంతవరకు, ఎదురుగా చూపించండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడి డాక్టరుతో మాట్లాడి ధైర్యం తెచ్చుకుంటారు గానీ ఇక్కడ రాసిన చీటీకి అక్కడి ఫార్మసీ మందివ్వదు. అక్కడి వైద్యుణ్ణి చూడాల్సిందే. తట్టుకోలేని రాత్రి వస్తే అక్కడి నంబరు 988. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఈ మందుల్లో కొన్నింటికి అక్కడ ముందస్తు అనుమతి కావాలని గుర్తుంచుకుని, డాక్టరు లెటరు తీసుకుని, బయల్దేరకముందే కనుక్కోండి.

ఎవరికి ఏది

రోజుకూలి, కౌలు రైతు కుటుంబమైతే జిల్లా ఆస్పత్రితో మొదలుపెట్టండి. అప్పుచేసి కార్పొరేట్ ఆస్పత్రిలో మూడు నెలలు చూపించి, డబ్బు అయిపోయి మానేసిన దానికంటే, ఉచిత మందు రెండేళ్లు క్రమం తప్పకుండా వేసుకున్నది మేలు చేస్తుంది.

హాస్టల్లో ఉన్న పిల్లలకి చదివే ఊళ్లో డాక్టరా, సొంత ఊళ్లోనా అన్నది పెద్ద చిక్కు. మాత్రలు పట్టే మొదటి ఆరు వారాలు ఇంటి దగ్గరే ఉంచి, తర్వాత చదివే ఊళ్లో కొనసాగించడం నాకు సబబుగా కనిపిస్తుంది. పాతికేళ్లలోపు వాళ్లలో డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టిన తొలివారాల్లో కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. ఆ వారాల్లో పక్కన మనిషి ఉండటం అందుకే ముఖ్యం. సెమిస్టర్ పోతుందన్న బెంగ నాకు తెలుసు. సెమిస్టర్ మళ్లీ వస్తుంది.

ఉద్యోగం చేస్తూ, ఆఫీసులో తెలుస్తుందేమోనని వెనకాడేవాళ్లకి ప్రైవేటు డాక్టరు, మధ్యలో వీడియో సరిపోతాయి. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల చట్టబద్ధమైన బాధ్యత. ఇంకో ఊళ్లోని డాక్టరుని వెతుక్కుని గుట్టు కొనుక్కోవాలనుకుంటే మూడో నెలకి ప్రయాణం విసుగొచ్చి మానేస్తారు. ఇది మేం చేసిన తప్పే.

బాలింతల గురించి కాస్త ఆగి చెప్పాలి. కాన్పయిన మొదటి రోజుల్లో కన్నీళ్లు, చిరాకు చాలామందికి వస్తాయి, రెండు వారాల్లోపే సర్దుకుంటాయి. దాటితే డిప్రెషన్ అనుకుని చూపించాలి. పాలిచ్చే తల్లులకి కూడా వాడదగిన మందులున్నాయి, సెర్ట్రలిన్ అలాంటిదే. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే నిద్ర పూర్తిగా పోయి, అనుమానాలు, పొంతన లేని మాటలు మొదలైతే గాలి సోకిందని తాయెత్తులు కడుతూ ఇంట్లో కూర్చోవద్దు. అది అత్యవసర స్థితి, తల్లికీ బిడ్డకీ కూడా. ఇలాంటివాళ్లకి మెడికల్ కాలేజీ ఆస్పత్రి మంచిది, కాన్పుల వార్డు, సైకియాట్రీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకి బైపోలార్ మందు వాల్‌ప్రోయేట్ రాస్తే తప్పకుండా ప్రశ్నించండి. కడుపులోని బిడ్డకి హాని చేసే మందు అది, వేరే దారి ఉందేమో అడగాలి. అలాగని గర్భం తెలియగానే సొంతంగా మందులు ఆపేయడమూ ప్రమాదమే. అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

పెద్దవయసు వాళ్లకి బీపీ, షుగర్ మాత్రలతో ఈ మందులు కలుస్తాయి. అందుకే అన్నీ ఒకే గొడుగు కింద ఉండే ఆస్పత్రి నయం. కొన్ని బీపీ మందులు రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. ముసలివాళ్ల డిప్రెషన్ మతిమరుపులా కనిపించి ఇంట్లోవాళ్లని మోసం చేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

గుడికి, దర్గాకి తీసుకెళ్లే కుటుంబాలతో నాకు తగువు లేదు. మా అమ్మ ఇప్పటికీ శనివారాలు ప్రదక్షిణలు చేస్తుంది. మందు వేసుకుని వెళ్లమనండి, అంతే.

రానని మొండికేస్తే

మా తమ్ముడు మూడుసార్లు రానన్నాడు. "నాకేం పిచ్చా?" అని అరిచాడు. అబద్ధం చెప్పి తీసుకెళ్లాలని బావ అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఒకసారి మోసపోయిన మనిషి రెండేళ్లు ఆ గుమ్మం ఎలా తొక్కుతాడు? వాడు ఒప్పుకునే బాధ ఏదో అక్కణ్ణుంచి మొదలుపెట్టాం. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు కదరా, దానికోసం వెళ్దాం" అన్నాను. అది నిజమే కదా. ముందుగా నేనొక్కదాన్నే వెళ్లి డాక్టరమ్మకి అంతా చెప్పివచ్చాను. చాలామంది డాక్టర్లు అలా వింటారు. వాడు వెళ్లిన రోజు నన్ను బయట కూర్చోబెట్టి లోపల పావుగంట మాట్లాడాడు. బయటికొచ్చి "అక్కా, వచ్చే నెల నేనొక్కణ్ణే వస్తాను" అన్నాడు.

ఇప్పుడు వాడు లిథియం మీద ఉన్నాడు. లిథియం ఎంచుకున్నవాళ్లకి దగ్గరి ల్యాబు కూడా వైద్యంలో భాగమే. రక్తంలో అది మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. తగ్గితే పనిచేయదు, పెరిగితే విషం. మాకు డాక్టరమ్మ చెప్పింది ఆరునెలలకోసారి ఈ రక్తపరీక్ష, దాంతోపాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు. మొదట్లో, మోతాదు మార్చినప్పుడు ఇంకా తరచుగా. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తమివ్వాలి, పొద్దున మాత్ర ఉంటే అది రక్తమిచ్చాకే. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ సొంతంగా వేసుకోకూడదు, అవి లిథియం స్థాయిని పెంచుతాయి. మన మే నెల ఎండల్లో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా అదే ప్రమాదం. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి, రక్తంలో లిథియం పరీక్ష అడగాలి.